చెయ్యెత్తిన చోటల్లా స్టేజీ

“మీ మామ దిగిపోయిండు బిడ్డా.”

ఖమ్మం దవాఖానా నుంచి అత్త ఫోన్లో చెప్పింది ఇంతే. నేను కాలేజీ స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. కాసేపటికి చర్చి గ్రూపులో ‘ప్రభువునందు నిద్రించారు’ అని వచ్చింది. నిద్రించడమా! పగటిపూట ఒక్కనాడు కునుకు తీసి ఎరగని మనిషి ఆయన. జీవితమంతా బస్సు నడిపినవాడి భార్య నోట వచ్చిన మాటే నాకు సరైనదనిపించింది. ఆయన దిగిపోయాడు, మేమింకా బండిలోనే ఉన్నాం.

డాక్టరు తలుపు తోసుకుని బయటికి వస్తుంటే అత్త రెండు చేతులూ పైకెత్తి అడ్డం పెట్టిందట. దగ్గరికి రావద్దని. చావు మాట డాక్టరు నోటి నుంచి రాకపోతే అది జరగనట్టే అనుకుందేమో పిచ్చి తల్లి. అక్కడి నర్సు తర్వాత నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

మా మేనమామ ఏన్కూరు మీదుగా భద్రాచలం బస్సు నడిపేవాడు. రిటైరయ్యాక అందరూ మేడ మీద ఇంకో గది వేసుకుంటే, ఆయన పోయి పర్ణశాల రేవులో ఒక పాత ఇంజను పడవ కొన్నాడు. చుట్టాలంతా నవ్వారు. ఈత కూడా సరిగా రాని వాడికి పడవెందుకన్నారు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం పడవకు ఎర్రరంగు వేయించి, బస్సు హారన్ ఒకటి బిగించి, ముందు భాగంలో ‘సొంత బండి, కిరాయికి కాదు’ అని రాయించాడు. పడవ మీద బండి అని ఎవరైనా రాయిస్తారా? రాయించాడు.

సెలవు దొరికితే నన్ను ఎక్కించుకుని ఎగువకు పోయేవాడు, గోదావరి ఉత్తరపు ఒడ్డు వెంబడే. ఆ ఒడ్డును మీరు చూశారో లేదో. కొంత దూరం పోయాక రోడ్డు నదిని వదిలేసి లోపలికి పోతుంది. ఇక మిగిలేవి గుట్టలు, మద్దిచెట్లు, రాళ్ళ మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు. ఫోన్లో సిగ్నల్ పోతుంది. అక్కడక్కడా చెట్ల సందున పొగ లేస్తే ఓ గూడెం ఉన్నట్టు. మలుపు వచ్చిందంటే మామ హారన్ కొట్టేవాడు. “ఈ అడవిలో ఎదురుగా ఏమొస్తది మామా?” అని నేను విసుక్కుంటే, “ఏమొస్తదో తెల్వకనే గద కొట్టేది” అనేవాడు.

పడవలో ముందువైపు, నీడ పట్టున, మెత్తటి దిండు వేసిన సీటు ఒకటి ఉండేది. దాని వెనక తెల్లరంగుతో ‘స్త్రీలు’ అని రాసి ఉండేది. మొదటిసారి నేను హాయిగా పోయి కూర్చుంటే లేపేశాడు. అది మీ అత్త సీటన్నాడు. ఒక్కరి కోసమైతే స్త్రీ అని రాయించాలి గాని స్త్రీలు అని ఎందుకు రాయించావని నిలదీశాను. తెలుగు పాఠాలు చెప్పి బతికేదాన్ని, ఊరుకుంటానా?

“మీ అత్తను ఏకవచనంల అంటే నన్ను బతకనిస్తదా బిడ్డా” అన్నాడు.

ఆ అత్త ఒక్కనాడూ పడవ ఎక్కలేదు. చిన్నప్పుడు ఆమె కళ్ళ ముందే సొంత అన్న మున్నేటిలో కొట్టుకుపోయాడు. అప్పటి నుంచి ఆమెకు నీళ్ళంటే భయం, చేదబావిలోకి తొంగిచూడాలన్నా వణుకే. రేవు దాకా వచ్చేది, మెట్ల మీద కొంగు కప్పుకుని కూర్చునేది, మేం తిరిగొచ్చేదాకా ప్రార్థన చేసుకునేది. మామ బయలుదేరే ముందు ప్రతిసారీ “ఎక్కుతవా?” అని అడిగేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. అంతే, రెండోసారి అడిగేవాడు కాదు. ఎందుకు బతిమాలవని అడిగితే, “ప్యాసింజరు ఎక్కకపోతే బండి తప్పు కాదు, ప్యాసింజరు తప్పు కాదు. టైం కాలే, అంతే” అన్నాడు. నాకు అప్పుడది డ్రైవర్ల వేదాంతంలా అనిపించింది.

ఆయన చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. పడవ కొన్న కొత్తలో, పైన ఒక గూడెం దగ్గర, ఒడ్డున ఓ ముసలామె చేతులెత్తి ఊపుతోంది. మామ వెంటనే పడవ అటు తిప్పాడు. రేవులో పడవ చూసుకునే జాలరి పక్కనే ఉండి వద్దు వద్దంటున్నా వినలేదు. ఆడమనిషి చెయ్యెత్తింది, ఆపకపోతే ఎట్లా అన్నాడు. ఆమె ఊపింది ఎక్కించుకొమ్మని కాదు, ఇటు రావద్దని! నీళ్ళ కింద ఇసుక మేట ఉంది. పడవ పోయి అందులో కూరుకుపోయింది. గూడెమంతా వచ్చి నడుంలోతు నీళ్ళలో నిలబడి నెట్టారు. ముసలామె వాళ్ళ కోయభాషలో తిడుతూనే ఉంది. మామ ఆ తిట్లన్నీ నవ్వుతూ విని, చేతులు జోడించి, అక్కా అని పిలిచాడు. ఆమెకు తమ్ముళ్ళు లేరట. అప్పటి నుంచి ఈయనే తమ్ముడు.

ఆ రోజే ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక చెయ్యెత్తితే రా అని. రెండు చేతులెత్తితే రావద్దని. ఇంటికొచ్చి అత్తకూ ఆ సైగలు చెప్పాడు. బస్సు ఆగే చోటుకు పెట్టినట్టు, ఆ చోటుకు మామ పెట్టిన పేరు అక్క స్టేజీ. ఖమ్మం బేకరీ బన్నులంటే ఆమెకు ప్రాణం, పళ్ళు లేవు కదా. ఈయన బన్నులు దించేవాడు, ఆమె ఎండబెట్టిన ఇప్పపువ్వో, ఆకులో చుట్టిన చింతపండో అత్త కోసం ఇచ్చేది. అలా ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి చేతి తిండి ఒకరు తిన్నారు. కిరాయికి కాదని రాసుకున్న ఆ పడవలో ఆ ఒడ్డున చెయ్యెత్తిన ప్రతివాళ్ళూ ఎక్కారు. సంతకు పోయే వాళ్ళు, జ్వరం పిల్లలను ఎత్తుకున్న తల్లులు, మేకలు కూడా. ఎవరెక్కినా దిండు వేసిన ఆ సీటు మాత్రం ఖాళీగానే తిరిగేది.

సమాధి కార్యక్రమం అయ్యాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఒకే మాట అడిగింది.

“ఆ అక్కకు ఎవరు చెప్పిన్రు?”

ఎవరూ చెప్పలేదు. అక్కడ ఫోన్లు పనిచేయవు. ఇంజను చప్పుడు వినపడ్డప్పుడల్లా ఆమె ఒడ్డుకొచ్చి చెయ్యెత్తుతూనే ఉంటుంది. జాలరితో కబురు పంపుదామన్నాను. అత్త ఒప్పుకోలేదు. తమ్ముడు పోయిన కబురు పరాయి వాళ్ళతో పంపుతారా అంది. ఎట్లా పోతావత్తా అని అడగబోయి ఆగిపోయాను. ఆమె అప్పటికే లేచి బన్నులు తేవడానికి సంచి వెతుకుతోంది.

వానలు వెనకబట్టాయి, గోదావరి ఇంకా నిండుగానే ఉంది. రేవు మెట్ల మీద అత్త చాలాసేపు నిలబడింది. ఎక్కుతావా అని అడగాల్సిన మనిషి లేడు, అడిగే హక్కు నాకు లేదు. చివరికి నా భుజం పట్టుకుని పడవలో కాలు పెట్టింది. నేరుగా పోయి ఆ సీట్లో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే. ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. నాకు దుఃఖం ఆగలేదు, అటు తిరిగి ఏడ్చాను.

మలుపుల్లో జాలరి హారన్ కొట్టాడు. మామ కొట్టినట్టే కొట్టాడు.

అక్క స్టేజీ కనిపించింది. ముసలామె అప్పటికే ఒడ్డున ఉంది, ఒక చెయ్యి పైకెత్తి. పడవ దగ్గరయ్యే కొద్దీ ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఇంజను దగ్గర తమ్ముడు లేడు. ఎప్పుడూ ఖాళీగా ఉండే సీట్లో ఒక ఆడమనిషి ఉంది. ముసలామె కదలకుండా నిలబడిపోయింది. తర్వాత మెల్లగా రెండు చేతులూ పైకెత్తింది.

జాలరి ఇంజను తగ్గించాడు. “నీళ్ళు బాగనే ఉన్నయ్ గదమ్మా, రావద్దంటుందేంది?” అన్నాడు.

అత్త కళ్ళు తెరిచింది. ఒడ్డు మీది ఆ రెండు చేతులను చూసింది. కడ్డీ వదిలి, తన చెయ్యి ఒకటి పైకెత్తింది.

పడవ ఉన్నచోటనే ఊగుతోంది. ఇద్దరూ అలాగే ఉన్నారు. చాలాసేపటికి ముసలామె ఒక చెయ్యి దించింది. రెండోది అలాగే ఉంచింది.