ఆరేసిన చీర అంటుకున్న వేసవి

నవలలో హంతకుడు దొరికితే చప్పట్లు కొట్టిన మీరు, మీ వాడలో నేరం జరిగినప్పుడు ఏ తలుపు వెనక నిలబడ్డారు?

మొన్న ఎవరో కుర్రవాడు ఫోన్ చేసి, ఇబ్రహీంపట్నం వైపు బాణామతి మీద సిరీస్ తీస్తున్నామని, డిటెక్టివ్ కథలు రాసిన పెద్దమనిషిగా సాయం చేయమని, చివరికి మాత్రం బాణామతి నిజమే అన్నట్టు ఉండాలని అడిగాడు. ఫోన్ పెట్టేసి, ఏళ్ల తర్వాత మళ్లీ కాగితం ముందు కూర్చున్నాను.

నేను పగలు బడిలో సైన్సు చెప్పి, సాయంత్రాలు వారపత్రికకు అపరాధ పరిశోధన సీరియళ్లు రాసేవాణ్ణి. ఊరు దయ్యమని నమ్మినదాని వెనక ఒక మనిషి, ఆ మనిషి వెనక ఒక ఆశ ఉంటాయన్నదే నా ప్రతి కథకూ ముగింపు. చేత్తో చేసి చూడని ఉపాయాన్ని కాగితం మీద పెట్టేవాణ్ణి కాదు కనుక మా పెరట్లో ఎప్పుడూ ఏదో ఒకటి మాడుతుండేది. "నీ హంతకుడు దొరికేసరికి నా ఇల్లు కాలవెడ్తవ్" అని మా ఆవిడ తిట్టేది.

తుక్కుగూడ దాకా వచ్చిన భూముల బేరాలు మా వైపు తిరిగిన కాలమది. రోడ్డు పక్కన పొలమున్న మా చిన్నమ్మ, భర్త పోయిన మనిషి, అమ్మనంటే అమ్మనని కూర్చుంది. ప్లాట్ల బేరాల్లో దిగిన ఆమె మరిదికి అది మింగుడుపడలేదు. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అతని వాకిట్లో ఆరేసిన చీర దానంతటదే అంటుకుంది. రెండు రోజులకు మరొకటి. వదినే బాణామతి చేస్తోందని అతను గోల పెట్టాడు. ఊరు నమ్మింది. చిన్నమ్మకు పాలు పోయడం మానేశారు, బోరింగు దగ్గరికి రానివ్వలేదు. నేనూ మా ఆవిడా మాత్రమే ఆమె ఇంటికి పోయేవాళ్లం.

కాలిన గుడ్డ వాసన చూడగానే నాకు అర్థమైంది, అది నా సీరియల్లో వాడిన, తడి ఆరితే అంటుకునే రసాయనపు మందే. చాయ్ హోటల్ ముందు ఊరందర్నీ పిలిచి, తడిగుడ్డకు మందు పూసి ఎండలో ఆరేశాను. ఆరీ ఆరగానే భగ్గుమంది. ఇది ఎవరు చేయగలరో, ఎవరికి లాభమో మరిది ముందే విడమరిచి చెప్పాను. జనం ఈలలు వేశారు.

"మస్తు చెప్పినవన్నా! గిది నవలల పెట్టు, జనం ఎగబడి చదువుతరు" అన్నాడొకడు.

"మరి రేపటినుంచి చిన్నమ్మకు పాలు పోస్తరా?" అని అడిగాను.

"గది వేరే ముచ్చటన్నా" అంటూ ఒక్కొక్కరే చాయ్ గ్లాసులు పెట్టి లేచారు. మరిది కూడా నవ్వుకుంటూనే లేచాడు.

ఈ సంగతి చెబితే చిన్నమ్మ నా తల నిమిరింది. "నువ్వు చెప్పింది నిజమే కొడుకా. గని నిజం తాగి బతుకుతనా?" ఆ నెలలోనే పొలం అమ్మకం కాగితాల మీద వేలిముద్ర వేసి, కందుకూరులో బిడ్డ దగ్గరికి పోయింది. మళ్లీ ఊరి ముఖం చూడకుండానే కన్నుమూసింది.

నేనూ ఆ సీరియల్ ముగించి కలం పక్కన పెట్టాను. నేరాన్ని విప్పి చూపితే చాలని, మిగతాది మనుషులే చేస్తారని నమ్మి అన్నేళ్లు రాశాను. ఇప్పుడా పొలంలో కమాను, గేటు, వాచ్‌మన్. ఇళ్లు మారాయి, బళ్లు మారాయి, చదువులు పెరిగాయి. ఒక ఆడమనిషి వైపు వేలు చూపగానే వెనక్కి జరిగే అడుగు మాత్రం మారలేదు.

నా కథలు మళ్లీ చదవకండి. మీ ఊళ్లో ఎవరినైనా అట్లా వెలివేసి ఉంటే, ఇవాళే, నలుగురూ చూస్తుండగా ఆమె గడప తొక్కి, ఆమె చేతి నీళ్లు తాగి రండి.