పడి చూపించిన దర్జీ

వీధిలో అతన్ని అందరూ కుంటి దర్జీ అనేవారు. మొహం మీదే అనేవారు. ఎడమ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది. అయినా చంకకర్ర ఊతంతో ఇంటికీ కొట్టుకీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగేవాడు. కొట్టు గది మాత్రం అన్నగారి సొంతం.

"నీ అంతట నువ్వు వెళ్ళొచ్చినన్నాళ్ళూ అది నీది. మోసుకెళ్ళే ఓపిక నాకు లేదు" అని అన్న ఏనాడో తేల్చేశాడు. ఆ గది మీద వదిన తమ్ముడు కన్నేసి ఉంచాడు. ఫోన్ల రిపేరు పెడతాడట.

ఒకరోజు కొందరు కుర్రకారు టేపులు, కెమెరా పట్టుకుని వచ్చారు. మనుషులు నడవడానికి ఏ వీధి ఎంత పనికొస్తుందో చూసి మార్కులు వేస్తారట. మరీ తక్కువొస్తే బాగు చేయిస్తారట. దర్జీ కుట్టు ఆపి బయటికొచ్చాడు.

"నా నడక తియ్యమ్మా. ఈ వీధి బతుకు ఇట్టే తెలుస్తుంది."

కెమెరా అమ్మాయి తీసింది. అలవాటైన దారి కదా, గుంటలన్నీ తప్పించుకుంటూ చకచకా నడిచేశాడు. అమ్మాయి మొహం చిన్నబోయింది.

"ఇలా నడిస్తే వీధికేం రోగమంటారు బాబాయ్!"

"అంతేనా? మళ్ళీ పెట్టు."

ఈసారి మురుగుకాలువ మీది పగిలిన పలక చూసి, కావాలనే దానిమీద కర్ర మోపాడు. కూలబడి "అమ్మా!" అని మూలిగాడు. మోచెయ్యి నిజంగానే చీరుకుపోయింది.

"అదరగొట్టావు బాబాయ్!" అంది అమ్మాయి. ఆ పూటంతా దర్జీ మిషన్ తొక్కుతూ తనలో తానే నవ్వుకున్నాడు.

ఆ వీడియోని వార్డు మీటింగులో పెద్ద తెర మీద వేశారు. అందరూ అయ్యో అన్నారు. కాలిబాట మంజూరైంది. ముందు వరసలో కూర్చున్న అన్న తల దించుకుని ఇంటికొచ్చాడు.

"రోడ్డు మీద దొర్లి నా పరువు తీశావు కదరా! నీ అంతట నువ్వు తిరగలేవని తేలిపోయింది. తాళంచెవి వదిన చేతికియ్యి."

"అది నటన అన్నయ్యా! కావాలనే పడ్డాను."

"ఏదీ, ఆ మోచేతి కట్టు విప్పు నాయనా. అదీ నటనేనా?" అంది వదిన, చెయ్యి చాపి.

మిషన్ అటకెక్కింది. బాట పడింది, ఇంటి గుమ్మం నుంచి కొట్టు మెట్టు దాకా నున్నగా. సాయంత్రాలు దర్జీ దానిమీద నడిచి వస్తాడు. ఎక్కడా తడబడడు. కొట్లో వదిన తమ్ముడు గిరాకీలకు ఆ వీడియో చూపించి నవ్విస్తుంటాడు.

"బావా, ఒక్కసారి పడి చూపించవా? వీళ్ళు నమ్మట్లేదు!"

దర్జీ కొట్టు మెట్టు దాకా వెళ్ళి, కర్ర తిప్పుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.