కట్నాల పుస్తకంలో మొదటి పేరు

మా ముత్తాత గోపాల్‌పేట చుట్టుపక్కల పదకొండు ఊళ్లకు మాలీ పటేల్. శిస్తు వసూలు చేసి సంస్థానానికి పంపేవాడు. తాత ఒక్క ఊరికే పటేల్, అయినా ఆ ఊళ్లో ఆయన వచ్చి కూర్చోనిదే పంచాయతీ మొదలయ్యేది కాదు. నాన్న పెద్దవాడయ్యేసరికి ఆ కొలువులే రద్దయ్యాయి, పిలుపు మాత్రం మిగిలింది. ఊళ్లో ముసలివాళ్లు నన్ను ఇప్పటికీ పటేలా అనే పిలుస్తారు. ఆ పిలుపుకు ఖర్చవుతుందని వాళ్లకు తెలియదు.

పెళ్లికి వచ్చినవాళ్లు ఇచ్చే కానుకలను మా వైపు కట్నాలంటారు. పందిట్లో ఒకడు పుస్తకం ముందు పెట్టుకుని, ఇచ్చినవాడి పేరు, ఇచ్చిన మొత్తం గట్టిగా చదివి రాసుకుంటాడు. మా వాళ్లు వెళ్లిన ఏ పెళ్లిలోనైనా మొదటి పేరు మాదే. అంతటితో అయిపోదు. మా మొత్తాన్ని దాటి ఎవరైనా చదివిస్తే, మేం మళ్లీ లేచి వాళ్లకంటే నూటపదహారు ఎక్కువ అయ్యేదాకా చదివించాలి. ముత్తాత పెట్టిన నియమం అది. ఆయన కాలంలో దానికి ఖర్చేమీ కాలేదు. ఆయన్ను దాటే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

నాన్న పోయిన ఏడే మాకు మిగిలిన మెట్ట చెలక కాలువ కింద పోయింది. వచ్చిన పరిహారంలో అప్పులు పోగా మూడు లక్షలు మిగిలితే, అమ్మ నా పేరున బ్యాంకులో డిపాజిట్ చేసింది. నేను వనపర్తిలో గది అద్దెకు తీసుకుని పీజీలో చేరాను. నా ఆఖరి ఏడాది ఫీజుకు, గదికి, ఇంటికి కలిపి లక్షన్నర కావాలని అమ్మ లెక్క. “గిది సాలకపోతే సందుగల చీరలున్నయి కొడుకా. గవి తప్ప మన కాడ ఇంకేం లెవ్వు” అని అప్పుడే చెప్పింది. పెట్టెలోని ఆ ఏడు చీరలూ మా ఇంటి కోసమని గద్వాలలో నేయించినవి. ఒళ్లంతా నూలు, అంచులూ కొంగులూ అసలు వెండి జరీ. నాయనమ్మ కట్టి, అమ్మ కట్టి, ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. వాటి జోలికి పోనివ్వనని అమ్మకు మాటిచ్చాను.

నాన్న పోయాక పెళ్లి పిలుపులన్నీ నా పేరు మీద రావడం మొదలైంది. చేతిలో చిల్లిగవ్వ లేదు. బ్యాంకులో ఒక గుమాస్తా, నవ్వడం ఉద్యోగంలో భాగమని నేర్పినవాడిలా నవ్వుతూ, డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఇస్తామన్నాడు. డిపాజిట్ కదలదు, దాని మీద అవసరమైనంత వాడుకోవచ్చు, వాడినదానికే వడ్డీ. “మీ పైసలు మీరు వాడుకున్నట్టే సార్” అన్నాడు. నా పైసలు నేను వాడుకోవడానికి వడ్డీ ఎందుకని అడగలేదు. బేరమాడటం మా ఇంట్లో లేదు.

రెండు పెళ్లిళ్ల కాలాలు గడిచేసరికి ఓవర్‌డ్రాఫ్ట్ లోటు రెండు లక్షల పదివేలకు చేరింది. మానవపాడులో ఒక పెళ్లికే పద్దెనిమిది వేలు పోయాయి. అక్కడ మమ్మల్ని దాటినవాడు పాత ట్రాక్టర్లు అమ్మి కొత్త మీసం పెంచినవాడు. డిపాజిట్ గడువు మార్చికి తీరుతుంది. ఆలోపు లోటును లక్షన్నరకు దించితే చీరలు సందుగలోనే ఉంటాయి.

నా గది పక్కవాడు విద్యార్థులు డబ్బు పొదుపు చేయడం ఎలాగో చెప్పే వీడియోలు పంపేవాడు. రోజుకు ఒక టీ మానేస్తే నెలకు ఇంత మిగులుతుందట. టీ మానేసి బాగుపడ్డ వంశాన్ని నేను చూడలేదు. అతనే సాయంత్రాలు బండి మీద బిర్యానీ పొట్లాలు మోసేవాడు. నన్నూ రమ్మన్నాడు. ఒకరి గుమ్మం ముందు నిలబడి గంట కొట్టడం నా వల్ల కాదన్నాను.

నాకున్నది చేతిరాత ఒక్కటే. తాత దగ్గర నేర్చుకున్నాను. ముందు డిగ్రీ పిల్లల ప్రాక్టికల్ రికార్డులు రాసిపెట్టాను, ఒక్కోదానికి మూడు వందలు. తమ ప్రయోగాన్ని తాము రాసుకోలేని శాస్త్రవేత్తలకు వనపర్తిలో కొదవలేదు. తర్వాత పెళ్లి మంటపాలు అలంకరించే కాంట్రాక్టరు ఒకాయన నా రాత చూసి, కట్నాలు రాయడానికి పిలిచాడు. ఒకప్పుడు ఆ పనికి చదువొచ్చిన చుట్టం కూర్చునేవాడు. ఇప్పుడు చుట్టాన్ని చుట్టం నమ్మడు, అందుకని కూలికి మనిషిని పెడుతున్నారు. పెళ్లికి పదిహేను వందలు. నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో, గద్వాలలో ప్లాస్టిక్ పూల కింద కూర్చుని ఊరూపేరూ లేనివాళ్ల గొప్పలు గుండ్రటి అక్షరాలతో రాశాను. అవి నాకు పిలుపు లేని పెళ్లిళ్లు కాబట్టి నియమం వర్తించదు. ఫిబ్రవరికి లోటు లక్షా ముప్పై ఎనిమిది వేలకు దిగింది. నెల రోజులు ఊరికే కూర్చున్నా చీరలకు ఢోకా లేదు.

ఆ నెలలోనే గద్వాలలో ఒక పెళ్లికి కాంట్రాక్టరు పంపాడు. ఎవరి పెళ్లో అడగలేదు. రైతులతో కంపెనీలకు విత్తనపత్తి పండించే సీడ్ ఆర్గనైజరు కూతురిదట. బల్ల దగ్గర కూర్చుని పుస్తకానికి పసుపు పెడుతుంటే ఒక ముసలాయన వచ్చి ఎదురుగా ఆగాడు. మా ఇంట్లో ఇరవై ఏళ్లు పాలేరుగా జీతం ఉన్న మనిషి. పెళ్లికూతురి తాత ఆయనే.

“ఏంది పటేలా, మీరు గీడ కూసున్నరు? ముందల సోఫాల కూసోవాలె గదా.”

“రాయనీకె వచ్చిన.”

ఆయన నా చేతిలో పెన్ను చూశాడు, కాంట్రాక్టరు తొడిగించిన ఎర్ర చొక్కా చూశాడు. వంగి మెల్లగా అన్నాడు. “కార్డు మీ ఊరికి పంపిన, అందలేదేమో. ముందుగాల మీ పేరే రాసుకోండ్రి. ఐదువేల నూటపదార్లు. పైసలు నేనే డబ్బాల ఏస్త, మీకేం పరేషాన్ వద్దు.”

పిలుపు ఉందని తేలింది. నా పేరు మొదటి వరుసలో రాసి, గట్టిగా చదివి, ఐదువేల నూటపదహారు నా ఫోన్ నుంచే పంపాను.

తర్వాత వచ్చినవాడు పురుగుమందుల డీలరు. “పదివేలు రాయి తమ్మీ. జర పెద్దగ రాయి, కనపడాలె.” రాశాను. దాని కిందే మా పేరున ఇంకో ఐదువేలు రాశాను. పెళ్లికూతురి మేనమామ పాతికవేలు చదివించాడు. మాది ఇంకో పదిహేనువేలు.

మేనమామ బల్ల మీద చేయి పెట్టి నవ్వాడు. “ఏం తమ్మీ, కట్నాలు రాస్తున్నవా, యాలం పాట పాడుతున్నవా?”

వెనక వరుస నవ్వింది. తలెత్తలేదు. ఆఖరున సీడ్ కంపెనీ తరఫున వచ్చినవాడు యాభై ఒక్కవేలు చదివించాడు, ఫొటో కోసం రెండుసార్లు. నేను మా పేరున ఇంకో ఇరవై ఆరువేలు రాయడం మొదలుపెట్టాను.

ముసలాయన నా మణికట్టు పట్టుకున్నాడు. “ఇడిసిపెట్టుండ్రి పటేలా. గీళ్లవి మందుడబ్బాల పైసలు. మీ పేరు పైననే ఉంది గదా.”

“పైన ఉంటే సాలదు.”

“అట్లయితే రాసింది కొట్టేయుండ్రి.”

“మా ఇంట్ల రాసింది కొట్టేసుడు లేదు.”

చేయి వదిలాడు. రాయడం పూర్తిచేశాను. సాయంత్రం కాంట్రాక్టరు పదిహేను వందలు ఇస్తే తీసుకున్నాను. చేసిన పనికి కూలి వదులుకోవడం గొప్పతనం కాదు, తిక్క.

మార్చిలో బ్యాంకు డిపాజిట్ ముగించి, లోటు, వడ్డీ మినహాయించుకుంది. అమ్మ లెక్కకు నలభై నాలుగు వేలు తక్కువైంది. అమ్మకు అంతా చెప్పాను.

“ముసలాయన మనుమరాలి పెండ్లికా?”

“ఆఁ.”

“మనదే ఎక్కువనా?”

“నూటపదహారు ఎక్కువ.”

 “అయితే సందుగ తాళం అందుకో” అంది.

గద్వాలలో పాత జరీ కొనేవాడు ఏడు చీరలూ విప్పి, అంచులూ కొంగులూ కోసి, తూకం వేసి, నలభై ఆరువేలు ఇచ్చాడు. నూలు ఒళ్లు మడతపెట్టి మాకే తిరిగి ఇచ్చాడు.