ఎడమచేతి గంటె

మెట్టుగూడలో మా పక్కింటి పెద్దనాయన పోయిన వారం కన్నుమూశారు. రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా రిటైరయ్యాక ఆయన పట్టుకున్న పని పచ్చి కట్టెతో గంటెలు చెక్కడం. నాకు నేర్పింది ఆయనే. నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే, ఆ రోజు నేను చేసిన పని అడ్డం పడుతోంది.

పచ్చి కట్టె ఎవరికోసమూ ఆగదు. కరెంటోళ్లు తీగల కింద కొమ్మలు కొడుతున్నారని తెలిస్తే చాలు, మల్కాజ్‌గిరి దాకా స్కూటర్ మీద వెళ్లేవారు. తిరిగొచ్చి గోడ మీంచి పిలిచేవారు: "జెర రా బిడ్డా, ఎండిపోతది." ఆఫీసు బ్యాగు అలాగే పడేసి పరుగెత్తేదాన్ని. మొద్దు మీద కొమ్మ పెట్టి బాడిసతో పైపైన చెక్కించి, గుంట వంకర ఉలితో తీయించేవారు. సగం అయినదాన్ని దాని పొట్టులోనే కప్పి పెట్టమనేవారు. తొందరపడి నేను ఎండలో పెట్టినవన్నీ పగిలి నోళ్లు తెరిచాయి. ఒక్కసారీ తిట్టలేదు. "పొయ్యిలకన్న పనికొస్తయ్ తియ్," అని నవ్వేవారు.

ఆయనకు ఒక్క కోరిక ఉండేది. ఆయన భార్య పెద్దమ్మది ఎడమచేతి వాటం. ఏ గంటెతో పప్పుచారు పోసినా మణికట్టు మెలితిప్పుకోవాల్సిందే. ఆమె చేతికి అనువుగా వంగిన కొమ్మ కోసం ఏళ్లుగా వెతికారు. తిన్నటి కట్టెనే వంపుగా చెక్కొచ్చు కదా అంటే ఒప్పుకోలేదు.

"కట్టెకు పుట్టిన వంపే నిలుస్తది బిడ్డా. మనం కోసిన వంపు విరుగుతది."

"నా చేతికి అలవాటైంది, నాకేం తక్లీఫ్ లేదు," అని పెద్దమ్మ ఎంత చెప్పినా వెతకడం మానలేదు. అది దొరక్కుండానే పోయారు.

ఆ మధ్యాహ్నం, శవాన్ని తీసుకెళ్లే బండి సందులోకి రావడానికి అడ్డమని వాకిట్లో వేపకొమ్మ కొట్టేశారు. ఏడుస్తూనే చూశాను. పిడికిలి లావు, సరిగ్గా ఆమె చేతికి కావలసిన వంపు. పెద్దనాయనను ఎత్తుతుంటే నా కళ్లు కొమ్మ మీదున్నాయి. ఆయన ముఖం చివరిసారి చూడలేదు నేను. మీకు ఎలా చెప్పాలో తెలియనంత సిగ్గుగా ఉంది.

మగవాళ్లు శ్మశానానికి వెళ్లాక, చెత్త తీస్తున్నట్టు నటిస్తూ కొమ్మను మా పెరట్లోకి ఈడ్చుకొచ్చాను. తడి గోనెసంచి చుట్టాను. దినాలయ్యే దాకా ఆగుదామనుకున్నాను. గోడకు అవతల ఆమె దీపం దగ్గర కూర్చుని ఉంటే, ఇవతల నేను బాడిస పట్టడమా? ఏం మనిషిని నేను అనిపించింది. ఎంత తడిపినా కొమ్మ చివర్లు బీటలివ్వడం మొదలైంది. ఇక లాభం లేదని మొద్దు కింద దుప్పటి మడిచి పెట్టి, వినపడకుండా మెల్లగా చెక్కసాగాను.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. నా చేయి ఆగిపోయింది. తప్పయింది పెద్దమ్మా అనబోయాను.

"ఎందుకు ఆపినవ్ బిడ్డా?" గోడ పక్కనే ఉంది గొంతు. "గంత మెల్లగ కాదు. ఆయన రెండేట్లు గట్టిగ ఏసి, ఆగి చూస్తుండె."

ఎవరికోసమని అడగలేదు. దుప్పటి తీసేసి రెండేట్లు గట్టిగా వేశాను. ఆగాను. ఆగినప్పుడు ఆమె ఏడుపు వినిపించింది. మళ్లీ రెండు వేశాను.