తుప్పు తీగ మీద ఆరేసిన గుడ్డ

మా చిన్న కోడలు హాల్లో చెక్క మగ్గం పెట్టుకుని, రెండు నెలలు కూర్చుని ఒక గుడ్డ నేసింది. కట్టుకోవడానికి కాదట, గోడకు తగిలించడానికట.

"గోడకేమన్నా చలేస్తందా?" అన్నాను. నవ్వింది. నేను చదివింది మూడో తరగతి. గోడలకు గుడ్డలు కట్టే చదువు మా కాలంలో లేదు.

నేత అయ్యాక కరక్కాయ పొడి పాలలో కలిపి గుడ్డను ముంచింది. మా గేదె పాలు! నా ప్రాణం చివుక్కుమంది.

"పాలు పడితే నలుపు పాకదు అత్తయ్యా, గీసిన చోటే నిలబడుద్ది," అంది.

ఆ నలుపు కోసం అంతకు ముందే తుప్పు మేకులూ బెల్లం నీళ్ళూ కలిపి పెరట్లో కుండలో ఊరబెట్టింది. కంపు భరించలేక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేదాన్ని. దానితో గుడ్డ మీద తీగలూ పూలూ గీసి, ఎల్లుండి గుంటూరు ఎగ్జిబిషన్‌కు పంపాలి. తన చేత్తో చేసింది నలుగురి ముందు పెట్టడం దానికి అదే మొదలు.

పెరట్లో తాడు మీద గుడ్డ ఆరేసి, "దీనికి ఇనుము తగలనీయొద్దు, కరక్కాయ నల్లబడుద్ది. ఇంకో తాడు కొందామంటే మీరు వినరు," అని గొణుక్కుంటూ నరసరావుపేట బస్సెక్కింది.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. కల్లంలో మిరపకాయలున్నాయి, వాటి మీద పట్టా బిగించాలి. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క తాడే. గంటసేపటికి ఏమవుతుందిలే అని, ఇంకా చెమ్మగా ఉన్న గుడ్డను పాత ఇనప తీగ మీదకు మార్చాను. వాన పడలేదు కానీ, వచ్చి చూసేసరికి గుడ్డ నడిమధ్యన కాటుకతో గీసినట్టు నల్లటి గీత. కొంగుతో తుడిచాను. పోలేదు.

సాయంత్రం కోడలు వచ్చి చూసి మెట్ల మీద కూలబడింది. "ఇంకేం పంపుతా? అందరూ మరక అంటారు."

తప్పు నాదే. కానీ ఆ మాట నా నోట రాదు.

"ఏమే, కుండలో తుప్పుతో నువ్వు గీస్తే బొమ్మ, తీగ తుప్పు గీస్తే మరకా? ఒక్కటే ఉంది కాబట్టి మరక. పది గీతలుంటే చారల గుడ్డ. లే, నీళ్ళు తీసుకురా."

ముఖం చిట్లించుకునే లేచింది. మర్నాడు పొద్దున్నుంచీ గుడ్డ మీద నీళ్ళు చిలకరించడం, నాలుగు వేళ్ళ ఎడంతో జరిపి మళ్ళీ తీగ మీద వేయడం. కొలత నా వేళ్ళది. ఒక గీత సన్నం, ఒకటి లావు, కానీ ఏదీ పక్కకు పాకలేదు. పాల సంగతి అది చెప్పింది నిజమే. మూడో గీతకు దాని ముఖం విప్పారింది. ఏడో గీతకు, "అత్తయ్యా, మీరు జరగండి," అని నన్నే పక్కకు నెట్టింది.

ఆ గుడ్డ గుంటూరు వెళ్ళింది. ఏ కుంచెతో గీశావని అక్కడ అందరూ అడిగారట. "మా అత్తయ్య దండెంతో," అని చెప్పిందట. వచ్చీ రాగానే హుకుం జారీ చేసింది: "ఆ తీగ నాది. ఇక దానిమీద ఎవరూ బట్టలారేయొద్దు."

మర్నాడు గురజాల వెళ్ళాను.

"ఏంది పెద్దమ్మా, నువ్వు తాడు కొనటమేంది!" అన్నాడు కొట్టతను.

"నోరు మూసుకుని కొలువురా," అని బేరమాడి రెండు తీసుకున్నాను. ఒకటి బట్టలకు, ఒకటి పట్టాకు.