చివరి డబ్బా
పొగను పసిగట్టే పాత డబ్బాలను కొత్త అలారం పెట్టెకు కలిపే పెద్దాయన మోకాళ్లు ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి. పాత డబ్బాలకు పెట్టెలో విడివిడి చిరునామాలుండవు, అంతస్తులోని డబ్బాలన్నీ ఒకే తీగ మీద వరుసగా ఉంటాయి. వరుసలో చివరి డబ్బాలో రెసిస్టర్ అనే చిన్న ముక్క బిగిస్తేనే, మధ్యలో తీగ తెగితే పెట్టెకు తెలిసి పసుపు దీపం వెలుగుతుంది. ఆ రోజు ఆస్పత్రిలో, సాయానికి వచ్చిన అల్లుడు మెట్లెక్కడానికి బద్ధకించి దాన్ని కింద పెట్టె దగ్గరే బిగించేశాడు. “పచ్చ దీపం వెలిగిందిగా మామయ్యా, పోదాం పదండి.” “రెసిస్టర్ ఇక్కడే ఉంటే, పైన తీగంతా కోసేసినా వెలుగుతుందయ్యా అది.”

పెద్దాయన రెసిస్టర్ ఊడదీసి, నిచ్చెన ఈడ్చుకుంటూ నాలుగంతస్తులెక్కి, చివరనున్న పసిపిల్లల వార్డులో బిగించాడు. కిందనుంచి అల్లుడు ఫోన్ చేశాడు. “మామయ్యా, మీరు బిగించాక కూడా పచ్చది రావట్లేదు, పసుపే వెలుగుతోంది.” “అయితే తీగ ముందే తెగి ఉందన్నమాట,” అంటూ ఆయన నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాడు. “పైకి రా అల్లుడూ. పెట్టె ఇప్పటికి నిజం చెప్పింది.”