డాన్ ఎలిసియో కట్టు కట్టిన తలలు

గుండ్రటి రాయి ఏది కనిపించినా, గొర్రెలు కాసే మా పెద్దాయన డాన్ ఎలిసియోకి అది రాక్షసిబల్లి తలే. అనుకుని ఊరుకుంటే బాధ లేదు. తడి కాగితం చుట్టి, గోనెపట్టీలు ప్లాస్టరులో ముంచి, తవ్విన ఎముకలు పగలకుండా కట్టినట్టే దానికీ దిట్టంగా కట్టు కట్టేస్తాడు.

ఆయన గొర్రెలు మేసే నేలలోనే ఆకులు మేసే ఓ మహాకాయపు రాక్షసిబల్లి ఎముకలు బయటపడ్డాయి. దాని తొడ ఎముక పక్కన పడుకుంటే డాన్ ఎలిసియో చంటిపిల్లాడు. మెడ, నడుము, తోక దొరికాయి. తల మాత్రం లేదు. తవ్వకాల శిబిరంలో వంట నాదే కాబట్టి ఆయన చాదస్తమంతా కళ్లారా చూశాను.

"డాక్టరమ్మా, తల!"

తవ్వకాలు నడిపే డాక్టర్ లుసియానా పరుగున వచ్చి, కట్టు కోసి చూసేది. "రాయి, డాన్ ఎలిసియో."

"పోనీలెండి. రేపటిది తలే."

"ప్లాస్టరు మళ్లీ అయిపోయింది!"

"అయితే ట్రక్కు పంపండి. తల లేని మొండాన్ని మ్యూజియంలో నిలబెడతారా? దానికెంత నామోషీ!"

ట్రక్కు పట్నానికి కదిలిందంటే ముందు సీట్లో డోన్యా ఎర్మెలిండా ఉండేది. మా పొరుగావిడ, అంటే గుర్రం మీద అరపూట దూరం. ఒక కన్ను ఎప్పుడో పోయింది, మిగిలినదానికి శుక్లం. ఆసుపత్రి వాళ్లు పరీక్షలంటూ తిప్పుతున్నారు. బస్సు మావైపు రాదు. ఆవిడ చచ్చినా ఎవరి సాయమూ పుచ్చుకోదు. "ప్లాస్టరు కోసం ఎలాగూ పోతోందిగా" అనుకుంటేనే ఎక్కేది. శిబిరం ఎత్తేస్తే ఆ కన్నూ అంతే.

చలి ముంచుకొచ్చింది. ఆపరేషన్ ఇంకా కాలేదు. "ఇక సర్దేద్దాం" అంది డాక్టర్. డాన్ ఎలిసియో ఈదురుగాలిలో మోకాళ్ల మీద పాకుతూ, కనబడ్డ రాయికల్లా కట్లు కట్టి, మిగిలిన ప్లాస్టరంతా ఒక్కరోజులో ఊడ్చేశాడు.

"నీ మొండితనం పాడుగాను!" అని డాక్టర్ మళ్లీ ట్రక్కు పంపింది.

రెండ్రోజులకి తిరిగొచ్చిన డ్రైవరు దిగుతూనే "ఆపరేషన్ అయిపోయింది" అన్నాడు. డాన్ ఎలిసియో చేతిలో కుంచె కింద పడేశాడు. "సర్దుకోండి, డాక్టరమ్మా."

నేను తెల్లబోయాను. "మరి తల?"

"అదెక్కడుందో దేవుడికే తెలియాలి, ఒతీలియా. 'నీకోసమే బండి పంపుతున్నాం' అంటే ఎర్మెలిండా ఎక్కేదా?" అని గొణిగాడు. "ఆవిడతో అన్నావో, నీ పులుసు ముట్టను."

ఈలోగా ఎర్మెలిండా మెల్లగా ట్రక్కు దిగి వచ్చింది. కన్ను చికిలించి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఎలిసియో! ఇంత ముసలాడివైపోయావేంటయ్యా?"

ఆయన సంతోషం పట్టలేక మా అందరివైపు తిరిగాడు. "చూశారా, చూపు బ్రహ్మాండంగా వచ్చింది!"